కమాన్‌కు ఏ రోగన్?

రోగన్ అనే మాట మన ఇళ్లల్లో రెండు చోట్ల వినిపిస్తుంది. తలనొప్పి వస్తే నానిమా రోగన్-ఎ-బాదం తెమ్మంటుంది. ఈద్ దగ్గర పడితే అబ్బా తలుపులకు రంగ్-రోగన్ చేయించాలంటారు. ఫార్సీలో ఆ మాటకు అసలు అర్థం నూనె. చెక్కకు పూసే పూతకూ అదే పేరు వచ్చింది. ఒకటి లోపలికి ఇంకేది, ఇంకొకటి పైన నిలిచేది. ఈ ఏడాది మా ఖాన్‌దాన్‌లో నడిచిన పెద్ద బహస్ అంతా ఈ రెండిటి మధ్యనే. మా అమ్మాయి కమాన్‌కు ఇంకే రోగన్ పూయాలా, నిలిచే రోగన్ పూయాలా?

కమాన్ చేసింది మా మామూ. మహమ్మద్‌నగర్‌లో ఆయన వయసువాళ్ల ఇళ్లల్లో తలుపులు, పల్లంగులు, ధాన్యం పెట్టెలు చాలావరకు ఆయన చేతివే. నాగళ్లు, బండ్లు ఉన్న రోజుల్లో ఆయనకు తీరిక ఉండేది కాదు. ట్రాక్టర్లు వచ్చాక బండి నొగలు అడిగేవాళ్లు లేకుండా పోయారు. నొగ కోసం దాచిన ఒక ధామన్ కర్ర మాత్రం అటక మీద ఏళ్ల తరబడి ఉండిపోయింది. తెలుగులో తడ అంటారే, ఆ చెట్టు. వంగుతుంది గానీ తొందరగా విరగదు. అందుకే బండి నొగలకు, గొడ్డలి కామలకు, విల్లులకు అది మంచి కర్ర. మా చిన్నదానికి తీరందాజీ మీద షౌక్ పుట్టిందని తెలిసి మామూ ఆ కర్ర దింపారు. కళ్లల్లో మోతియా దిగుతోంది, అయినా బాడిసతో, రందాతో, ఆకురాయితో దాదాపు నెలన్నర కూర్చుని పిల్లంత ఎత్తు కమాన్ తీశారు. "ఇదే ఆఖరుది బేటా, ఇంక నా కండ్లు చూడయి" అన్నారు. అలాంటి కర్ర మళ్లీ దొరకదు, ఆ చేయి మళ్లీ అందదు. దాని మీద ఏం పూయాలన్న సవాల్ మాకు చిన్నది కాకుండా పోయింది అందుకే.

ఊరు తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మహమ్మద్‌నగర్ కామారెడ్డి జిల్లాలో, ఎల్లారెడ్డి వైపు, నిజాంసాగర్‌కు దగ్గర. మంజీరా మీద ఆ కట్ట పని 1923లో మొదలై 1931లో పూర్తయింది. ఇంజినీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్ పేరు మా పెద్దలు ఇప్పటికీ అదబ్‌తో తీసుకుంటారు. కట్ట వచ్చాక కాలువలు వచ్చాయి, వరి వచ్చింది. ఊళ్లో వానాకాలం అంటే ఆకాశంలో తేమ, నేలలో తేమ, గోడలో తేమ. తలుపు ఉబ్బి గడపకు పట్టేస్తుంది. అదే తలుపు మే నెల ఎండకు ముడుచుకుని సందులు ఇస్తుంది. తలుపుకు అలా జరిగితే రందా పట్టి సరిచేసుకుంటాం. కమాన్‌కు జరిగితే?

కమాన్ లాగినప్పుడు నిషానా వైపు ముఖం సాగుతుంది, మన వైపు ముఖం నొక్కుకుంటుంది. చెక్కలో తేమ ఎక్కువైతే ఆ నొక్కుడుకు లోపలి పోగులు అణిగిపోతాయి. చిల్లా విప్పాక కూడా కమాన్ వంగే ఉంటుంది, తీర్‌లో దమ్ పోతుంది. తేమ మరీ తగ్గితే బయటి పోగులు సాగలేక పటుక్కున తెగుతాయి. చాలా కర్రలకు బరువులో 8 నుంచి 10 శాతం తేమ ఉంటే కమాన్ బాగా పనిచేస్తుందని చేసేవాళ్ల అనుభవం. రోగన్ పని ఈ తేమను ఆపడం కాదు. ఏ పూతా పూర్తిగా ఆపలేదు. లోపలికీ బయటికీ జరిగే రాకపోకను నెమ్మది చేస్తుంది, అంతే. ఒక ముసురు రోజుకే చెక్క తడిసిపోకుండా, ఒక వడగాలి రోజుకే ఎండిపోకుండా చూస్తుంది.

ఇంకో సంగతి. రెండేళ్ల కింద పిల్లల శిబిరం ఒకదానిలో ఒక వెదురు కమాన్ విరిగింది. మనవాళ్ల జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అని ఉంటుంది, అందులో పిల్లలు వెదురు కమాన్లతోనే వేస్తారు. విరిగినదానికి పై నుంచి కింద దాకా మందంగా ఎర్ర పెయింట్ వేసి ఉంది. చూడటానికి ఖూబ్‌సూరత్‌గా ఉంది. పెయింట్ కింద చీలిక ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. ఒక ముక్క ఎగిరి పిల్ల చెంప చీల్చింది, కంటికి రెండు వేళ్ల దూరంలో. ఆ పిల్ల మాది కాదు. కానీ మా చిన్నది పక్కనే నిలబడి చూసింది. ఇంటికొచ్చి ఆ రోజు అన్నం ముట్టలేదు. మామూ కమాన్ ఇచ్చినప్పుడు అది అడిగిన మొదటి మాట ఇది: "నానా, దీనికి దరార్ వస్తే నాకు కనబడుతుందా?"

మామూ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "కనబడేటట్టే చేద్దాం."

అక్కడితో రంగు వేయడం అనే సంగతి ముగిసినట్టే. అయినా మన తారీఖ్‌లో కమాన్లకు రంగులు లేవా అంటే, ఉన్నాయి. ఈరాన్, తుర్కీ, మొఘల్ కమాన్లు ఒంటి కర్రవి కావు. మధ్యలో చెక్క, లోపలి వైపు కొమ్ము, బయటి వైపు జంతువు నరాలు, అన్నీ బంకతో అతికించి చేసేవాళ్లు. తేమ తగిలితే ఆ బంకకు ముప్పు. అందుకని పైన పలచని తోలో, భూర్జపత్రం బెరడో చుట్టి, దాని మీద బంగారు పూలూ తీగలూ దిద్ది, రోగన్ పూసేవాళ్లు. ఆ నక్ష్ వట్టి సింగారం కాదు, వాన కోటు కూడా. ఇంత చేసినా మన హిందుస్తాన్ తేమకు ఆగదని ఉక్కు కమాన్లు కూడా చేయించారు. కమాన్ చేసేవాళ్లను కమాన్‌గర్ అనేవాళ్లు. కచ్ ప్రాంతంలో ఆ కమాన్‌గర్లు, కమాన్లకు గిరాకీ పోయాక, అదే చేత్తో గోడల మీద బొమ్మలు వేసి బతికారు. అక్కడి గోడ చిత్రాలకు ఇప్పటికీ కమాన్‌గరీ అనే పేరు. కమాన్ పోయింది, దాని మీది రంగు మిగిలింది. ఆ కథ విన్నప్పుడు నాకు సంతోషం, దిగులు కలిపి వచ్చాయి.

కానీ మనది ఒంటి కర్ర కమాన్. అతుకు లేదు, దాచాల్సింది లేదు. చూస్తూ ఉండాల్సింది మాత్రం ఉంది.

మష్వరాలు ఒకటి తర్వాత ఒకటి వచ్చాయి. మా దేవర్ దమ్మామ్‌లో ఫర్నిచర్ వర్క్‌షాప్‌లో చేస్తాడు. వీడియో కాల్‌లో కమాన్ చూసి, "భాభీ, మెలమైన్ పాలిష్ కొట్టించండి, షీషాలాగా మెరుస్తది, నీళ్లు పోసినా ఏం కాదు" అన్నాడు. అతను చెప్పింది డైనింగ్ టేబుల్‌కు సచ్. మెలమైన్ గట్టి పూత, గీతలు పడవు. కానీ టేబుల్ వంగదు. కమాన్ రోజుకు వందసార్లు వంగుతుంది. గట్టిగా ఉండి వంగని పూత చెక్కతో పాటు సాగలేక చిట్లుతుంది. చిట్లిన గీతల్లోంచి తేమ దూరుతుంది, పైగా ఆ గీత పూతదా చెక్కదా అన్నది తెలియదు. మామూ ఫోన్‌లోకి వంగి ఒక్క మాట అన్నారు: "చమక్ నక్కో బాబా, లచక్ హోనా." మెరుపు వద్దు, వంగే గుణం కావాలని. ఆ మాట మా ఇంట్లో ఇప్పుడు సామెత అయిపోయింది. మా వారు కొత్త చెప్పులు కొనేటప్పుడు కూడా అదే అంటున్నారు.

ఎల్లారెడ్డిలో మాకు తెలిసిన రంగుల దుకాణం భాయి డూకో అన్నాడు. నిర్మల్ బొమ్మల మీద మెరిసే రంగులు అవేనని చెప్పాడు. నిజమే, పొనికి చెక్క బొమ్మ మీద చింతగింజల జిగురు పూతలు వేసి, ఆ పైన డూకో రంగు వేస్తే బొమ్మ ఏళ్లకేళ్లు కళగా ఉంటుంది. బొమ్మ కూడా వంగదు కదా.

లక్క మాట నేనే ఎత్తాను. మన మోదుగ చెట్ల మీద, రేగు చెట్ల మీద పురుగు కట్టే లక్క నుంచే చపడా వస్తుంది. రేకుల్లాంటి ఆ చపడాను స్పిరిట్‌లో కరిగించి, దూది పొట్లంతో రుద్దితే వచ్చేదే పాతకాలం పాలిష్. ఏటికొప్పాక బొమ్మల మెరుపు కూడా లక్కదే, అక్కడ స్పిరిట్ లేకుండా తిరిగే బొమ్మకు లక్క కడ్డీ ఒత్తి రాపిడి వేడికి కరిగిస్తారు. లక్క గాలిలోని తేమను బాగా నిలువరిస్తుంది, నిమిషాల్లో ఆరుతుంది, పారదర్శకంగా ఉంటుంది. నాకు ఇదే నచ్చింది. మామూ దాని ఐబ్‌లు కూడా చెప్పారు. నీళ్లు నిలిస్తే తెల్లగా పాలిపోతుంది. ఎండలో కారులో పెడితే మెత్తబడి చేతికి అంటుతుంది. మందంగా వేస్తే చిట్లుతుంది. పలచగా వేసి, ఇంట్లో నీడన ఉంచే కమాన్‌కైతే బేఫికర్‌గా వాడొచ్చు. మా పిల్ల కమాన్ నీడలో ఉండదు, దానితో పాటు పొలం గట్ల మీద తిరుగుతుంది.

ఇక వంటింటి మష్వరా. కొబ్బరి నూనె రాయండి, నువ్వుల నూనె రాయండి అని ఖాలాలు, ఫూఫీలు చెప్పారు. మహబ్బత్‌తో చెప్పారు, కాదనడం కష్టం. కానీ నూనెల్లో రెండు జాతులు ఉన్నాయి. గాలి తగిలితే గట్టిపడి పొరగా మారేవి కొన్ని, ఎన్నాళ్లున్నా జిడ్డుగానే ఉండేవి కొన్ని. కొబ్బరి నూనె రెండో జాతి. నువ్వుల నూనె సగం సగం. రాసిన రోజు నిగనిగలాడతాయి, తర్వాత దుమ్ము పట్టి, ముక్క వాసన వస్తాయి. ఆ తర్వాత ఏ వార్నిష్ పూసినా సరిగ్గా పట్టదు. గట్టిపడే జాతిలో మనకు తెలిసినది అవిసె నూనె, అల్సీ కా తేల్. కుసుమ నూనె కూడా ఆ వైపుదే. పచ్చి అవిసె నూనె ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. రంగుల దుకాణంలో డబల్ బాయిల్డ్ అని అమ్మేది సుమారు ఒక రోజులో ఆరుతుంది. అందులో తొందరగా ఆరడానికి మందులు కలుపుతారు, కాబట్టి దాన్ని వంటకు, వంటికి దూరంగా పెట్టాలి.

అవిసె నూనె వాడే అక్కాచెల్లెళ్లు, అన్నదమ్ములు ఈ ఒక్కటి మరవొద్దు. తుడిచిన గుడ్డను ఉండచుట్టి మూలన పడేయకండి. ఆ నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది. ఉండలో ఆ వేడి బయటికి పోలేక గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. అగ్గిపుల్ల అక్కర్లేదు. గుడ్డను విప్పి ఆరుబయట తీగ మీద పరచండి, లేదా నీళ్లలో ముంచి ఉంచండి. పిల్లలున్న ఇల్లు కదా.

మాటలతో బహస్ తేలేటట్టు లేదని మామూ అదే కర్ర నుంచి మిగిలిన మూడు బద్దలు తీశారు. ఒకదానికి మెలమైన్, ఒకదానికి చపడా, ఒకదానికి నూనె వార్నిష్ పూశాం. నూనె వార్నిష్ అంటే బయటి తలుపులకు, పడవలకు వాడే రకం. ఒకప్పుడు ఓడల తెరచాప స్తంభాలకు పూసేవాళ్లట. గాలికి స్తంభం వంగుతుంది, దాంతో పాటు పూత వంగాలి. మా అవసరానికి పుట్టినట్టే ఉంది. మూడు బద్దలు వారం ఆరనిచ్చి, ఒక రాత్రి తడి గుడ్డ కింద, ఒక రోజు మిద్దె మీద ఎండలో పెట్టాం. తర్వాత మోకాలికి ఆనించి పదేపదే వంచాం. మెలమైన్ బద్ద మీద సాలెగూడులా తెల్లని గీతలు వచ్చాయి. చపడా బద్ద తడి గుడ్డ కిందే పాలిపోయింది, గీతలు మాత్రం తక్కువ. నూనె వార్నిష్ బద్ద కాస్త రంగు ముదిరింది, అంతే. దేవర్‌కు మూడింటి ఫోటోలు పంపాం. "మామూ జీత్ గయే" అని జవాబు వచ్చింది.

మా తరీఖా రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుందని.

ముందు కర్ర ఆరిందో లేదో చూడాలి. తేమ ఉన్న కర్రకు పూత వేస్తే తేమను లోపల బంధించినట్టే. కమాన్‌ను ఇంట్లో గాలి తగిలేచోట అడ్డంగా పెట్టి, రెండు రోజులకోసారి కిరాణా తూకం మీద తూచాం. మూడుసార్లు వరసగా ఒకే బరువు వచ్చాక పని మొదలుపెట్టాం. సన్న ఎమ్రీ పేపర్‌తో చెక్క పోగుల వెంటే, నిలువుగా రుద్దాలి. అడ్డం గీతలు పడితే రేపు దరార్లు అక్కడి నుంచే మొదలవుతాయి. తడి గుడ్డతో ఒకసారి తుడిస్తే పడుకున్న నూగు లేస్తుంది. ఆరాక మళ్లీ సన్నగా రుద్దాలి.

తర్వాత అవిసె నూనె ఒక వంతు, నూనె వార్నిష్ ఒక వంతు, తార్పిన్ ఒక వంతు కలిపాం. పాత బనియన్ గుడ్డతో పూసి, పావుగంట ఆగి, పైన మిగిలినదంతా తుడిచేశాం. తుడవడమే అసలు పని. పైన మిగిలితే అదే జిడ్డు, అదే మందం. ఒక రోజు ఆరనిచ్చి మళ్లీ. ఇలా ఆరుసార్లు. రెండు కొనలకు, చిల్లా పట్టే గాడులకు రెండు పూతలు ఎక్కువ వేశాం. కోసిన కొనల్లోంచే చెక్క నీళ్లు ఎక్కువగా తాగుతుంది. ఈ మొత్తం ఫిబ్రవరిలో చేశాం. ముసురులో చేస్తే పూత ఆరదు, తేమ కూడా లోపలే ఉంటుంది.

పూత చేతికి ఆరినట్టు అనిపించినా లోపల గట్టిపడడానికి వారాలు పడుతుంది. మామూ నలభై రోజులు ముట్టొద్దన్నారు. "చిల్లా ఎక్కించే ముందు చిల్లా చెయ్యాలె" అని నవ్వారు. కమాన్ తాడూ చిల్లానే, నలభై రోజుల ఏకాంతమూ చిల్లానే కదా. పిల్ల క్యాలెండర్‌లో రోజులు కొట్టేసుకుంటూ కూర్చుంది. పదిహేనేళ్ల పిల్లకు ఫోన్ లేకుండా నలభై రోజులు అంటే మేం భయపడేవాళ్లం. కమాన్ కోసం సబర్ పట్టింది.

ఆఖరికి తేనెమైనం కొంచెం తార్పిన్‌లో మెత్తబరచి, ఉన్ని గుడ్డతో రుద్దాం. మైనం మొదటే పూయకూడదు, దాని మీద వార్నిష్ పట్టదు. మైనం ఒక్కటే సరిపోదు, తొందరగా అరిగిపోతుంది. కానీ పై పొరగా మంచిది, అరిగితే ఎవరైనా మళ్లీ రుద్దుకోవచ్చు. ఇంగ్లండ్‌లో రోజర్ ఆస్కమ్ అనే ఆయన 1545లో విలువిద్య మీద రాసిన కితాబ్‌లో కూడా మైనం పట్టించిన ఉన్ని గుడ్డ దగ్గర ఉంచుకుని కమాన్‌ను రుద్దుతూ ఉండమని చెప్పాడు. మంజీరా ఒడ్డున మా మామూకు ఆ కితాబ్ సంగతి తెలియదు. చెబితే, "ఆయన గూడ బఢయ్యేనా?" అని అడిగారు.

రంగు కావాలన్న పిల్ల కోరిక పూర్తిగా కొట్టేయలేదు. చేయి పట్టే చోట కమాన్ మందంగా ఉంటుంది, అక్కడ వంగదు. వంగని చోట రంగు చిట్లదు, చీలికనూ దాచదు. అక్కడ, తోలు పట్టీకి పైన వేలెడు మేర, నల్ల రంగు మీద సన్నని బంగారు తీగ ఒకటి పిల్లే దిద్దుకుంది. కమాన్‌గర్ల కథ చెప్పింది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

ఇప్పుడు రోజూ తీర్ వేసే ముందు పిల్ల ఒక పని చేస్తుంది. చిన్న దూది ముక్క తీసుకుని కమాన్ పొడవునా రెండు వైపులా మెల్లగా లాగుతుంది. ఎక్కడైనా చెక్క పోగు లేస్తే దూది అక్కడ పట్టుకుంటుంది. కళ్లకు కనబడని దరార్ కూడా దూదికి దొరుకుతుంది. మామూ తన మోతియా కళ్లతో చివరి రోజుల్లో పని తనిఖీ చేసింది అలాగే. వేసి అయిపోయాక చిల్లా విప్పి, పొడి గుడ్డతో తుడిచి, గోడకు రెండు మేకుల మీద అడ్డంగా పెడుతుంది. మూలన నిలబెట్టదు, పొయ్యి గదిలో పెట్టదు. తీర్ లేకుండా లాగి ఎవరినీ వదలనివ్వదు. ఆ దమ్ అంతా తిరిగి చెక్కకే తగులుతుందని చెప్పి తమ్ముణ్ని రోజుకోసారి కసురుతుంది. పూత అరిగిన చోట రెండు చుక్కల రోగన్ రుద్దితే కలిసిపోతుంది. మెలమైన్ అయితే మొత్తం గీకి మళ్లీ వేయించాల్సి వచ్చేది.

ఒక్క తీర్ వల్ల ముగ్గురికి సవాబ్ అని హదీసుల్లో వస్తుంది: మంచి నియ్యత్‌తో దాన్ని చేసినవారికి, అందించినవారికి, వేసినవారికి. ఇది చెబితే మామూ ఎప్పుడూ మాట మారుస్తారు. పోయిన జుమ్మా మాత్రం నమాజ్ అయ్యాక కమాన్ తెప్పించుకున్నారు. ఒళ్లో పెట్టుకుని, దూది అడిగి, కళ్లు మూసుకుని కొన నుంచి కొన దాకా లాగారు. దూది ఎక్కడా ఆగలేదు. పిల్ల ఊపిరి బిగబట్టి చూస్తోంది. ఆయన కమాన్ దాని చేతికి ఇచ్చి, "వానలు మొదలైతయి, ఆ లోపల ఇంకో చేయి మైనం రుద్దుకో" అన్నారు. మిగిలిన రోగన్ సీసా ఇప్పుడు మా అల్మారాలో ఉంది. మూత గట్టిగా పెట్టి, పైన పిల్ల ఉర్దూలో, తెలుగులో రెండింట్లోనూ రాసి అంటించింది: కమాన్ కోసం, తలకు కాదు.